బావ కాలి పుండు, నా పట్టీ

అక్కా,

నేను బాగానే ఉన్నాను, మనసే ఒకచోట నిలవడం లేదు. సాలెపోగుకన్నా సన్నని దారాలతో మా ప్రయోగశాలలో నేస్తున్న పుండ్ల పట్టీ నిన్న పరీక్షలో నెగ్గింది. అది పెట్టినచోట క్రిములు పెరగలేదు. బావ కాలి పుండుకు ఒక ముక్క పంపనా అని మా పెద్దసారును అడిగాను. "ఇంకా మనుషుల మీద వేసి చూడలేదమ్మా. మీ బావతోనే మొదలుపెడదామా?" అన్నారు. వెంటనే ఈ కార్డు రాయడానికి కూర్చున్నాను.

పుండు చుట్టూ నల్లబడిందా? వాసన వస్తోందా? బావ "ఏం లేదు" అంటే నమ్మకు, కట్టు విప్పించి నువ్వే చూడు. షుగరు మాత్రలు వేసుకుంటున్నాడా? మరదలి మందు వస్తుంది కదా అని ఆసుపత్రికి వెళ్లడం మానేశాడట, పిన్ని చెప్పింది. నా పట్టీ బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది, కాలు అంతవరకు ఆగదు. ఈ కార్డు బావకే చదివి వినిపించి, వెంటనే బయలుదేరదీయి.

పిల్లలకు ముద్దులు. బావకు నమస్కారాలు మాత్రం డాక్టరుకు చూపించుకుని వచ్చాకే.

నీ చెల్లి