దుర్గాశ్రీకి హార్ట్ బ్లాక్ వచ్చేసింది

కొత్తపేట,
సోమవారం.

పెదనాన్నగారికి మీ దుర్గాశ్రీ నమస్కారాలు.

ఫోనులో నా మాట మీకు సరిగ్గా వినపడదు, విషయమేమో చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కుట్టు క్లాసులో చేరి నెలైంది కదా, ఈ వారం బొంత పని మొదలుపెట్టించారు. నాకు హార్ట్ బ్లాక్ వచ్చేసింది పెదనాన్నగారూ. పన్నెండుమందిలో అందరికన్నా ముందు నాకే. మిగతావాళ్ళకీ శనివారంలోగా వచ్చేస్తుందని మా టీచరు రమణమ్మగారు ధైర్యం చెబుతున్నారు. ఆవిడకి వచ్చి ఇరవై ఏళ్ళయిందట.

ఆదివారం అమలాపురం ఎగ్జిబిషన్‌లో జనానికి చూపిస్తాం. మీరు తప్పకుండా రావాలి.

మీ అమ్మాయి,
దుర్గాశ్రీ

తా.క.: అమ్మకి ఇంకా చెప్పలేదు. ఒక్కసారిగా చూసి అదిరిపోవాలి.

ఉప్పలగుప్తం,
బుధవారం.

చి. దుర్గాశ్రీకి పెదనాన్న రాజేంద్రప్రసాద్ దీవెనలు.

నీ ఉత్తరం విని మీ పెద్దమ్మ పొయ్యి మీద చారు మరిచిపోయింది. ఇంత చిన్న వయసులోనే ఏంటమ్మా ఇది? మిషను తొక్కడం కాస్త తగ్గించు. పన్నెండుమందికీ అంటున్నావు, ఆ క్లాసులో నీళ్ళు ఎవరైనా చూసేరా?

దాచకుండా చెప్పు. ఎంత పెద్దది? ఎవరు కోస్తారు, ఎవరు కుడతారు? మస్కట్‌లో అల్లుడు విజయకుమార్‌కి తెలుసా? అనుభవం ఉన్న చెయ్యి పక్కన లేకుండా కోతకి దిగొద్దు.

నీ పెదనాన్న

తా.క.: జనానికి చూపించడమేంటి? దిష్టి తగులుతుంది.

కొత్తపేట,
శుక్రవారం ఉదయం.

పూజ్యులైన పెదనాన్నగారికి,

మీకు ఇంత ఆసక్తి ఉందని తెలియదు. చదివి పొంగిపోయాను. నీళ్ళ సంగతి ఎందుకడిగేరో గాని, క్లాసులో ఫిల్టరు పెట్టించేరు.

నాది అడుగుకి అడుగు ఉంటుంది. ఎవరో కోయడమేంటండీ, వంటింటి బల్ల మీద నేనే కోసుకున్నాను. ఎడమ సగం, కుడి సగం విడివిడిగా చేసుకోవాలి. పైమూలలు చిన్నగా, కిందిమూలలు పెద్దగా ఏటవాలుగా కుట్టి, మిగిలింది కత్తిరించి పారెయ్యాలి. రెండు సగాలనీ మధ్యలో కలిపి కుట్టి, పైన వేడి ఇస్త్రీపెట్టె పెడితే చక్కగా అణిగిపోతుంది. మొదటిసారి కింద మొన కలవలేదు. మొత్తం విప్పేసి మళ్ళీ కుట్టాను. మా ఆయన వీడియోలో చూసి, ‘నాకూ ఒకటి చేసిపెట్టు’ అన్నారు.

మీ రాక కోసం చూస్తూ,
దుర్గాశ్రీ

తా.క.: ఓ అరగంట నా పక్కన కూర్చోండి, మీకూ వచ్చేస్తుంది.

ఉప్పలగుప్తం,
మరుసటి శుక్రవారం.

అమ్మడూ,

నీ రెండో ఉత్తరం శనివారం అందింది. ఇస్త్రీపెట్టె దగ్గరికి వచ్చేసరికి చదవలేక మీ పెద్దమ్మకిచ్చేను. ఆవిడ చదవకుండానే ఏడ్చింది. కారు మాట్లాడుకుని కాకినాడలో గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళేం. ఉత్తరాలు రెండూ ఆయన బల్ల మీద పెట్టి, “మా అమ్మాయి బతుకుతుందా అండీ?” అనడిగేను.

ఆయన చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను.

“ఇది బొంతకి కుట్టే చదరపు గుడ్డముక్కండీ, దాన్నే బ్లాక్ అంటారు. గుండె బొమ్మ కుట్టింది. మీ అమ్మాయికేం లేదు,” అన్నారు.

మీ పెద్దమ్మ నవ్వుతూ లేచింది. నేనూ లేవబోతుంటే డాక్టరుగారు నన్నే చూస్తున్నారు. “మీకెందుకండీ అంత చెమట? చొక్కా విప్పండి.”

“ఆయ్, మెట్లెక్కి వచ్చేనండి, అంతే,” అన్నా వినలేదు.

దుర్గాశ్రీ, హార్ట్ బ్లాక్ నాకు వచ్చింది. ఒకటి కాదు, రెండు. ఇంకో వారం ఆగితే చెప్పలేమన్నారు. మణికట్టు దగ్గర నుంచి తీగ పంపి స్టెంట్లు పెట్టేరు. కోయలేదు, కుట్టలేదు. నాలుగోరోజు ఇంటికి పంపేరు. నీ గుడ్డముక్క లేకపోతే ఈ శుక్రవారం నీకు ఉత్తరం ఇంకెవరో రాసేవారు. ఆదివారం రాలేకపోయేను, ఏమీ అనుకోకు.

గట్టిగా ఉన్న నీ పెదనాన్న

తా.క.: నీ ఉత్తరాలు డాక్టరుగారు తిరిగివ్వలేదు. వాళ్ళావిడగారికి హార్ట్ బ్లాక్ రావాలని ఎప్పట్నించో కోరికట. సోమవారం నీ దగ్గరికి పంపుతున్నారు. త్వరగా వచ్చేలా చూడు.