ఓబులి పథ్యం

4 నవంబర్ 1963, సోమవారం

నా బాలవాడి బడికి ఇవాళ పదకొండు మందే వచ్చారు. వేరుశనగ పెరికే రోజులు, తల్లులంతా బుడ్డల చేలల్లో ఉన్నారు, పిల్లలు వాళ్ళ వెంట. లింగాల పక్కన ఈ ఊరికి గ్రామసేవికగా వచ్చి మూడు నెలలైంది. గుడ్లు, పాలు, పప్పులు అని ఫ్లాష్‌కార్డులు చూపిస్తుంటే, అవన్నీ మా ఇంట్లో ఉంటే నీకాడికి యాల వస్తామమ్మా అని ఒక ముసలామె అడిగింది. కార్డులు సర్దేశాను.

రమణమ్మ కూతురు ఓబులిని చూశాను. రెండున్నరేళ్ళు. పాదాలు వాచాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉంది. జుట్టు ఎర్రబడింది. ట్రైనింగులో చూపించిన జబ్బు ఇదే. తిండిలో బలం లేక వస్తుంది. ముదిరితే పిల్లలు ఏడవడం కూడా మానేస్తారని చెప్పారు. రమణమ్మేమో మురిపెంగా, వాపు ఉంటే ఉన్న్యాదిగానీ శానా మంచి బిడ్డక్కా, యాడ కూర్చోబెడితే ఆడనే ఉంటాది, ఏడుపనేదే లేదు అంది.



5 నవంబర్

వాపుకు కారణం పక్షిదోషమట, పిట్ట నీడ పడిందట. తాయత్తు కట్టింది షాహీదాబీ అనే ఇంకో ముసలామె. ఊళ్ళో ఏ బిడ్డకు నలతగా ఉన్నా ఆమె దగ్గరికే పోతారు. తాయత్తుతో పాటు నలభై రోజుల పథ్యం. వరిగంజి, ఉప్పు, వాము. పప్పు వద్దు, గుడ్డు వద్దు, పాలు వద్దు. బుడ్డలు అసలే వద్దు, పైత్యం.

తల్లి పొద్దంతా బుడ్డలు పెరుకుతుంది. బిడ్డ ఆ కుప్ప పక్కనే కూర్చొని తిండి లేక వాచిపోతోంది. ఇదేం న్యాయం దేవా!

6 నవంబర్

పులివెందుల ఆసుపత్రికి తీసుకుపోదామన్నాను. పథ్యంలో ఉన్న బిడ్డ పొలిమేర దాటకూడదట.

8 నవంబర్, సాయంత్రం

ఇంకాగలేకపోయాను. రమణమ్మ చేలో ఉండగా, గట్టు మీద కూర్చున్న ఓబులికి బాలవాడి టిన్నులోని పాలపొడి కలిపి తాగించాను. రెండు గ్లాసులు. బాగా చిక్కగా కలిపాను. గుటగుటా తాగేసింది. ఎవరూ చూడలేదు.

9 నవంబర్, ఉదయం

రాత్రి నుంచి ఓబులికి విరేచనాలు. పది దాకా అయ్యాయట. మేకపిల్లలా మెడ వాల్చేసింది.

టిన్ను మీద రాసిన కొలత ఇప్పుడు చదివాను. నేను కలిపింది దానికి మూడింతలు. వాడిపోయిన కడుపుకు కొద్దికొద్దిగా పెట్టాలని పాఠం చెప్పేది నేనే. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని నాయన ఊరికే అనలేదు.

సాయంత్రం

రమణమ్మకు నేనే చెప్పేశాను. తిట్టలేదు. నీ కాళ్ళు మొక్కుతా, మా గడప తొక్కొద్దు అంది. తిట్టి ఉంటే బాగుండేది. బాలవాడికి ఒక్కరూ రాలేదు.

11 నవంబర్

విరేచనాలు ఆగాయి. బిడ్డ ప్రాణంతో ఉంది. ప్రాణం మాత్రమే ఉంది.

షాహీదాబీ ఇంటికి వెళ్ళాను. పోట్లాడాలనే బయల్దేరాను. గుమ్మంలో కూర్చొని ఉన్న ఆమెను చూడగానే ముందు నా తప్పే చెప్పాను, ఏడుస్తూ. ఆమె నీళ్ళు ఇచ్చింది. ఇట్లా వాచిన బిడ్డల్ని ముగ్గుర్ని చూసినా, ముగ్గురూ పోయినారు, నాకేమన్నా సంతోషమా అంది.

బుడ్డలు వేయించి, పొట్టు తీసి, మెత్తగా దంచి, బెల్లంతో గంజిలో చెంచాడు చెంచాడు పెడదామన్నాను. పచ్చివాటికే పైత్యం, వేయిస్తే పోతాది అంది. మరి నువ్వు చెప్తే రమణమ్మ వింటాదా అని అడిగింది. వినదు. దానికి దారి కూడా ఆమే చెప్పింది. బిడ్డకు కీడు చేసిన చెయ్యి తాయత్తు కట్టుకోవల్ల, బిడ్డ తినేదే తినల్ల, నలభై దినాలు, తల్లి చూస్తాండంగా.

నేను జమ్మలమడుగు బోధకుడు తిమోతి కూతురు ఎలిజబెత్‌ని. తాయత్తు కట్టుకున్నవాళ్ళను మా నాయన చర్చి గుళ్ళో వెనక వరుసలో కూర్చోబెడతాడు.

12 నవంబర్

కట్టించుకున్నాను. కుడి చేతికి, నల్లదారం. పథ్యం మారిందని షాహీదాబీ నలుగురిలో చెప్పింది. బిస్మిల్లా అని మొదటి చెంచా నా నోట్లో, రెండోది ఓబులి నోట్లో పెట్టింది. రమణమ్మ నా గొంతు వైపే చూస్తోంది, మింగానా లేదా అని.

17 నవంబర్, ఆదివారం

గుడికి పోలేదు. తాయత్తును కప్పే పొడుగుచేతుల రవిక ఒక్కటి కూడా లేదు నాకు. ఈ తాయత్తు విప్పేది క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు. నాయనకు ఆలోపే ఎవరో ఒకరు చేరవేస్తారు, ఈ జిల్లాలో కబుర్లకు బస్సుతో పనిలేదు.

22 నవంబర్

వాపు తగ్గలేదు. గంజితో నాకే కళ్ళు తిరుగుతున్నాయి. తనిఖీకి వచ్చిన మేడమ్ నా మణికట్టు చూసి, గవర్నమెంటు ఉద్యోగి ఇలాగేనా అంది. రిజిస్టర్లో ఏదో రాసింది. చదవలేదు.

ఇద్దరు తల్లులు దొడ్డిదారిన వచ్చి ఆ పొడి ఎట్ల దంచల్ల అని అడిగిపోయారు.

26 నవంబర్

పాదం నొక్కి చూశాను. గుంట పడింది, కాసేపటికి పూడింది. భ్రమేమో. మళ్ళీ నొక్కాను.

1 డిసెంబర్

మధ్యాహ్నం చేలో, షాహీదాబీ పెడుతున్న గంజి గిన్నె ఖాళీ అయ్యేసరికి ఓబులి ఏడ్చింది. గట్టిగా, కాళ్ళు తన్నుకుంటూ, నా చేతి తాయత్తు పట్టి గుంజుతూ. ఏమైందోనని రమణమ్మ బుడ్డలు పారేసి పరుగెత్తుకొచ్చింది. షాహీదాబీ ఎత్తుకోనివ్వలేదు. ఏడవనీ అంది.

ముగ్గురం గట్టు మీద కూర్చొని విన్నాం.