మావ తమ్మపడిగ

లంజిపల్లి, బరంపురం

ప్రియమైన బావకు,

నా దస్తూరి బాగుండదు, ఒత్తుల్లో తప్పులుంటాయి. అయిదో తరగతి చదువు ఇంతే, ఏమీ అనుకోకు. ఫోనులో నువ్వు ఇంటి సంగతులు అడిగినప్పుడల్లా పక్కన అందరూ ఉంటారు. అందుకే రాస్తున్నాను.

మావ ఆకువక్క నమిలి ఉమ్మే ఇత్తడి తమ్మపడిగ ఉంది కదా. పెళ్ళయిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే చింతపండుతో దాన్ని తోమడం నా పని. మావ పన్నెండో రోజు కర్మ అయ్యాక అటక మీద పెట్టబోతే అత్త ఆపింది. "మంచం కాడే ఉంచే. ఆయనొస్తే యాడ ఉమ్ముతాడు?" అంది. ఉంచాను. తెల్లారి చూస్తే అందులో ఎర్రగా ఉంది. అప్పటినుంచి చాలా పొద్దులు అలాగే ఉంటోంది. ఇంట్లో ఆకు వేసుకునేవాళ్ళే లేరు.

మీ అన్న దయ్యాల్ని వదిలించే గుణియాను పిలిచి, పడిగను సముద్రంలో వేయిస్తానంటున్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి అత్త అన్నం ముట్టడం లేదు. నన్నేం చెయ్యమంటావు?

నీ నాగశ్రీ

*

సూరత్

నాగశ్రీకి ప్రేమతో,

నీ ఉత్తరం మగ్గం దగ్గరే చదివాను. ఆ పడిగ మా ముత్తాతకు జమీందారు ఇచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని జమీందారు వెనకే నడిచేవాడట. దొర ఎటు తల తిప్పితే అటు అది నోటి ముందుండాలి. కింద పెట్టకూడదు. ఇక్కడ మిల్లు గుమ్మంలో ఇసుక పోసిన పాత రంగు డబ్బా ఉంది, అందరం అందులోనే ఉమ్ముతాం. మనిషి పోయాక ఇంక పడిగ ఎందుకు? అన్న చెప్పినట్టే కానివ్వండి. అమ్మకు నువ్వే నచ్చజెప్పి అన్నం తినిపించు.

నీ బావ
పూర్ణచంద్ర

*

లంజిపల్లి

బావా,

నువ్వు చెప్పినట్టు చెయ్యలేకపోయాను.

బుధవారం నేను అత్త తెల్లచీర ఉతుకుతుంటే కొంగు ముడిలో వక్కముక్కలు, తమలపాకు తునక దొరికాయి. తలెత్తితే అత్త ఎదురుగా నిలబడి ఉంది.

"బొట్టు తీసినారు, గాజులు తీసినారు. నోటిలో ఆకూ తీసేసినారు. మొగుడు పోతే నోరు కూడా పోవాలేటే?" అంది. "అందులో ఉమ్మితే ఆయన పక్కనున్నట్టు ఉంటాది. మీ బావోలికి సెప్పకు తల్లీ."

మర్నాడు గుణియా వచ్చి పడిగను గోనెసంచిలో కట్టమన్నాడు. అత్త గోడవైపు తిరిగి కూర్చుంది. నా నోట్లోంచి మాటెలా వచ్చిందో తెలియదు. "మావ కలలోకొచ్చినాడు. పడిగ కదిపితే ఇల్లు ఇడిసి ఎల్లనన్నాడు" అన్నాను.

మీ అన్న నన్ను వింతగా చూశాడు. "ఈ పిల్లకి మాటలొచ్చా!" అన్నాడు. గుణియా సంచి మడుచుకుని, కదపొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేనే ఆకుకు సున్నం రాసి అత్తకు చుట్టి ఇస్తున్నాను. నిన్న నములుతూ అంది, "ఒలే, శనివారం నాకు జొరం. ఆకు ముట్టనేదు. ఆయేల పడిగ ఒట్టిదే కదూ?"

అవునన్నాను.

బావా, ఆ శనివారం కూడా పడిగను చింతపండు పెట్టి తోమాను. నీళ్ళు ఎర్రగానే పోయాయి.

ఇది చదవగానే కాల్చెయ్యి. సెలవుకి వచ్చేటప్పుడు పెట్టెలో తేకు. అత్త ఆకు సంగతి మీ అన్న కంట పడకూడదు. శనివారం సంగతి అత్తకు తెలియకూడదు.

నీ నాగశ్రీ