నాట్లకాడి బాణీ

బెంజమిన్ మామకు వందనాలు.

క్షేమసమాచారాలు రాసేటంత ఓపిక నాకిప్పుడు లేదు. క్రిస్మస్‌కు నేను కట్టిన పాటను నువ్వు చర్చి కమిటీ ముందట పాటల లిస్టులకెల్లి కొట్టేసినవ్. "గిది నాట్లకాడి బాణీ రా! కాపీ కొట్టి కింద నీ పేరు రాసుకుంటవా?" అన్నవ్. క్వయర్ పోరగాళ్లంత నవ్విండ్రు.

మామా, ఇరవై దినాలు టైల్స్ కోసుకుంట, ఆ మిషిన్ చప్పుడులనే కూనిరాగం తీసుకుంట కట్టిన. నాకు సంగీతం ఎవ్వరు నేర్పలే. ఆ రాగం నా తలకాయలనే పుట్టిందనుకున్న. ఇంటికచ్చి అవ్వను అడిగితే, "నువ్వు కడుపుల ఉన్నప్పుడు సుత సుల్తానాబాద్ పొలాలల్ల గిదే పాడిన బిడ్డా" అన్నది. మరి నీకెవరు నేర్పిండ్రంటే, పక్కపొంటి నాటేసే సక్కుబాయి పాడుతుంటే అందుకున్నదట. మాటలు మాత్రం తనకు నచ్చినట్టు మార్చుకున్నదట.

రెండు దినాలు గదే ఆలోచించిన. ఇగ నాది అన్నది ఏముంది? అయితే నువ్వు ప్రతి ఆదివారం పాడించే పాటల బాణీలు ఆకాశంలకెల్లి పడ్డయా? అవి ముందుగాల ఎవరి నోట్లె ఉండెనో ఎన్నడన్న అడిగినవా?

నా పేరు కొట్టేయి, ఒప్పుకుంట. పాటను కొట్టేయకు. క్వయర్‌కు నేర్పనంటే నేర్పకు, పండుగనాడు నేనొక్కన్నే లేసి మొదలువెడత. మన చర్చిల ఆడోళ్లు సగంమంది నాట్లేసినోళ్లే. పల్లవి రెండోసారి అనకముందే అందుకుంటరు.

నీ మేనల్లుడు