అంకె చూసి కుట్టిన నవల

కొత్తవాడ, వరంగల్
3-7-1983

చి.సౌ. అనసూర్యకు అమ్మమ్మ మొగిలమ్మ దీవించి రాసే సంగతులు.

నీ ఒంట్లో ఎలా ఉంది? మీ అత్త పూలమ్మ మోకాళ్లు తగ్గాయా? మీ మామ దగ్గు దవాఖానలో చూపించారా? అల్లుడు అడవి ఆఫీసు పని మీద తిరుగుతాడు, పాములతో జర జాగ్రత్త. మీ బర్రె ఎలా ఉంది? దాన్ని అడగకపోతే బాగుండదు. నా కళ్లద్దాల కాడ విరిగింది, దారంతో కట్టుకున్నాను. నా తమ్ముడు కట్టయ్య భీవండి మిల్లుకు పోయి మూడేళ్లయింది, ఒక్కసారీ రాలేదు. వాడికీ రాసి ఈ రోజే డబ్బాలో వేశాను.

నువ్వు వారపత్రికల్లోంచి చింపి దాచిన సీరియల్ కాగితాలు కుట్టి పంపమన్నావు. కొత్త ఊళ్లో పలకరించే మనిషి లేదు, చదివేవాళ్ల సంఘంలో చేరాలంటే మనకు నచ్చిన నవల అందరికీ చదవడానికి ఇవ్వాలి అన్నావు. మగ్గం నూలు రెండు పేటలు వేసి కుట్టాను, ఏనుగు గుంజినా తెగదు. బస్సు కండక్టర్ ఉప్పలయ్యకు ఇచ్చాను. "గింత బరువున్నది, పుస్తకమేనా అవ్వా?" అన్నాడు. కిటికీ పక్కన పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను.

ఉంటాను,
అమ్మమ్మ

మరో మాట: ట్రంకు దించుతుంటే బోర్లా పడి కాగితాలన్నీ కలిసిపోయాయి. నువ్వు ఫికర్ పడకు. ప్రతిదాని నెత్తి మీద అంకె ఉంది కదా, అంకె చూసి పేర్చాను.

ములుగు
8-7-1983

అమ్మమ్మకు నమస్కారాలు.

అందరం బాగున్నాం, బర్రె కూడా. నేను మాత్రం బాగాలేను.

ట్రంకులో ఉన్నవి రెండు నవలలు అమ్మమ్మా! ఒకటి చంద్రుడి అవతలికి రాకెట్లో పోయే కెప్టెన్ కథ. రెండోది ఏడు అడవుల అవతలి మంత్రగత్తె కథ. నువ్వు ఒకటి పక్కన ఒకటి, రెండు పక్కన రెండు పెట్టి కుట్టేశావు. నేను మూట విప్పకుండానే సంఘం పెద్ద, పోస్టుమాస్టర్ వెంకట్రాజం సారుకు ఇచ్చాను. నిన్న బోరింగు దగ్గర లింగమ్మ టీచర్ నన్ను ఆపి, "మంత్రగత్తె రాకెట్ ఎప్పుడెక్కింది పిల్లా?" అని అడిగింది. బిందె నిండకుండానే ఇంటికి వచ్చేశాను.

ఇక్కడ రాకెట్ నవలలు చదివేవాళ్లు సారు వైపు, మంత్రాల నవలలు చదివేవాళ్లు టీచర్ వైపు. ఒకే బెంచీ మీద కూర్చోరు. పదిహేడో తారీకు ఆదివారం నన్ను నిలబెట్టి అందరూ అడుగుతారట. ఉన్న ఒక్క సంఘమూ పోతే ఇక బర్రెతోనే మాట్లాడుకోవాలి.

నీ మనుమరాలు
అనసూర్య

తా.క.: బర్రె వింటుంది. జవాబే చెప్పదు.

కొత్తవాడ
11-7-1983

చి.సౌ. అనసూర్యకు దీవెనలు.

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి ముద్ద దిగడం లేదు. చీర అంచుకు ఎర్ర పోగు ఒకటి, నల్ల పోగు ఒకటి వేస్తాం కదా, పుస్తకం కూడా అంతే అనుకున్నాను. పోస్టుమాస్టర్ అంటే సర్కారు మనిషి. నిలబెట్టి అడుగుతారంటే వకీలును పెట్టాలా? అల్లుడి నౌకరికి దెబ్బ తగులుతుందా?

పక్కింటి చిలుకమ్మ భూమి తగాదాలో ఆరేళ్లు కోర్టుకు తిరిగింది. ఆమెను అడిగాను. "అచ్చు కాగితాలకు భయమేంది వదినె? మన చేతిరాత దొరికితేనే సాక్ష్యం" అంది. జర ధైర్యం వచ్చింది. అందులో మన చేతిరాత లేదు కదా. తప్పు కండక్టర్ మీద వేసెయ్. వద్దులే, మంచివాడు. నా మీదే వెయ్.

ఇట్లు, నిద్రలేని
అమ్మమ్మ

మరో మాట: నీ మీద మాట రాకుంటే చాలని మేడారం సమ్మక్క తల్లికి మొక్కాను. నా ఎత్తు బెల్లం తూచలేను, పుస్తకం ఎత్తు తూస్తానన్నాను. అది ఎంత బరువో తూచి రాయి.

ములుగు
18-7-1983

అమ్మమ్మకు వేయి నమస్కారాలు.

వకీలు వద్దు. నిన్న సంఘంలో ఏమైందో విను. మంత్రగత్తె లేకపోతే ఆ రాకెట్ లేచేదే కాదని వెంకట్రాజం సారు అన్నాడు. కెప్టెన్ లేకపోతే ఆమె గోడు వినేవాడే లేడని లింగమ్మ టీచర్ అంది. ఇంత మంచి నవల ఎవరు రాశారని ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని కొట్లాడారు.

తర్వాత సారు చివరి కాగితం చదివాడు. అది చేతిరాతలో ఉంది. అచ్చు పేజీ పోతే నేను చూసి రాశానని, కెప్టెన్‌కు అక్క రాసిన ఉత్తరమని అనుకున్నారు. "తమ్ముడా, గంత దూరం పోయి మూడేండ్లాయె. ఆ మిషన్ల చప్పుడుల నిద్ర వడుతాందా? తెల్వనోళ్లు పెట్టింది తినకు. ఆడ చందమామ గిట్లనే కనవడుతాడా? నువ్వొస్తవని దర్వాజకు గొళ్లెం పెడుతలేను." సారు మధ్యలో ఆగి అద్దాలు తుడుచుకున్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. కానీ అది మా అమ్మమ్మ తన తమ్ముడికి రాసుకున్న ఉత్తరమని, పుస్తకం కలగాపులగంగా కుట్టింది కూడా ఆమేనని చెప్పేశాను. సారు ఆ కాగితం మళ్లీ మొదటి నుంచి చూశాడు. చివరికి లింగమ్మ టీచర్, "గిసొంటి మనిషిని ఇన్ని దినాలు ఎందుకు దాచినవే?" అంది. నన్ను చేర్చుకున్నారు. నిన్ను చూడాలంటున్నారు.

నీ
అనసూర్య

తా.క.: సారు పోస్టాఫీసు తక్కెడలో తూచాడు. కిలోంబావు.

ఇంకో తా.క.: ఆ ఉత్తరం పుస్తకంలో ఉంటే, నువ్వు భీవండికి పంపిందేమిటి?

కొత్తవాడ
22-7-1983

చి.సౌ. అనసూర్యకు దీవెనలు.

ఆ కాగితాల గడబిడలో వాడి కవర్లో ఏం పెట్టానో మొన్న పొద్దున తెలిసింది. గొళ్లెం లేదు కాబట్టి కట్టయ్య నేరుగా లోపలికి వచ్చాడు. భుజాన మూట, కళ్ల నిండా నీళ్లు, చేతిలో మీ కెప్టెన్ చివరి కాగితం. వాడికి చదువు రాదు. పక్క మగ్గం వాడు చదివి చెప్పాడట: "నా పని అయిపోవచ్చింది. ఇక నా గొంతు మీకు వినిపించదు. భూమికి సెలవు."

"అచ్చు కొట్టించి పంపినవంటె దినాల కార్డే అనుకున్న అక్కా" అన్నాడు.

"బతికే ఉన్న తమ్మీ, అన్నం తిను" అన్నాను. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాక కోపం వచ్చింది వాడికి. మూడేళ్లు మంచిగా రమ్మంటే రాలేదు, నాకు రావద్దా కోపం?

ఇప్పుడు వాడికి ఒకటే దిగులు, ఆ కెప్టెన్ ఇల్లు చేరాడా లేదా అని. నాకూ అదే బెంగ. అందుకే ఇద్దరం వస్తున్నాం. మీ అత్తకు మోకాళ్ల తైలం, బర్రెకు తవుడు తెస్తున్నాను.

మీ
అమ్మమ్మ

మరో మాట: బెల్లం కిలోంబావు కట్టించాను. నేను వచ్చేలోపు ఆ పుస్తకానికి ఎవరూ ఇంకో కాగితం కుట్టకుండా చూడు. మీ వాళ్లతో చెప్పు, కెప్టెన్‌ను వెంట తెస్తున్నాను. ఆదివారం, జులై ముప్పై ఒకటి, పొద్దుటి మొదటి బస్సు.