ఎర్రదారం కట్టిన చిక్కుళ్లు

పిచ్చుకా,

నువ్వు క్షేమమని మీ అమ్మ చెబితే తెలిసింది. నాకు రాయాల్సింది నువ్వు. సరే, ఇక్కడి సంగతులు చెబుతాను.

కోట చూడటానికి వచ్చేవాళ్లు పెరిగారు. బురుజులెక్కి దిగి, మన వంటశాలలో భోంచేసి, గోడ వెనక మళ్లలో కాసేపు తిరిగి వెళుతున్నారు. ఏ కూర ఎవరి పొలం నుంచి వచ్చిందో గుమ్మం దగ్గర పలక మీద రోజూ నేనే రాస్తున్నాను. చుట్టుపక్కల పొలాల్లో పండింది తప్ప మరేదీ గుమ్మం దాటనివ్వను. మందు కొట్టిన వంకాయలు తెచ్చిన రైతుని నిన్న బండితో సహా వెనక్కి పంపాను. "ఈవిడ ముక్కుకో దండం!" అంటూ పోయాడు.

ఇక నీ మడి. నువ్వు పెట్టి వెళ్లిన మచ్చల చిక్కుడు పందిరంతా అల్లుకుంది. తీగకి మొదటి కాయని విత్తనానికి వదిలి, ఎవరూ కోయకుండా దానికి ఎర్రదారం కట్టడం మన పద్ధతి. రెండో కాయకి కట్టినవాళ్లని నేను ఎలా దులిపేసేదాన్నో నీకు తెలుసు. మొన్న వంటాయన బుట్ట పట్టుకుని వెళ్లి, ఖాళీ బుట్టతో తిరిగొచ్చాడు.

"పెద్దమ్మగారూ, ఇవాళ కూరలోకి దారాలు తరగమంటారా?"

వెళ్లి చూశాను. పందిరి మీద దారం లేని కాయ ఒక్కటీ లేదు. అన్నిటికీ కట్టింది నేనే. రోజూ పొద్దున నీళ్లు పెట్టడానికి వెళ్లి, ఇది పిచ్చుక వచ్చాక కోస్తుంది, ఇదీ పిల్ల వచ్చాకే అనుకుంటూ ఒక్కోదానికీ కట్టేశాను. వంటాయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

వానలు మొదలయ్యేలోపు, మనిషి లేని మడిని వేరేవాళ్లకి ఇస్తామని మేనేజరు అంటున్నాడు. కొత్తగా చేరిన అమ్మాయి అడుగుతోంది. వస్తావో రావో తేల్చి రాయి. నేను బతిమాలను.

అమ్మమ్మ

*

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. రానన్నావు. సూటిగా రాశావు, అది నా పెంపకమే. కొన్నాళ్లు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. వంటశాల ప్రశాంతంగా ఉందని అందరూ సంతోషించారు.

తర్వాత మళ్లీ చదివాను. నువ్వు వెళ్లిన ఊళ్లో పాత దివాణం పెరడు నీ చేతికిచ్చారనీ, అక్కడా మనలాగే వంటశాల పెడతారనీ, కానీ చుట్టుపక్కల ఏ రైతు దగ్గరా సొంత విత్తనం మిగల్లేదనీ, అంతా కొట్లో కొనేదేననీ రాశావు. అదంతా మొదటిసారి నా కంట పడనే లేదు. "రాను" అన్న దగ్గరే ఆగిపోయాను.

పందిరి మీద కాయలన్నీ ఎండాయి. పద్ధతి ప్రకారం వదిలి ఉంటే గుప్పెడు గింజలు వచ్చేవి. ఇప్పుడు సంచి నిండింది. నీ పెరడంతా వేసి, అక్కడి రైతులకీ పంచొచ్చు. మడి ఆ కొత్తమ్మాయికి ఇచ్చేయమని మేనేజరుతో నేనే చెప్పాను. పందిరి వంకరగా వేస్తోంది. ఊడదీయించి మళ్లీ వేయిస్తున్నాను.

గింజలు పోస్టులో పంపను. నేనే తెస్తాను. టికెట్ కొనుక్కునే మీ దివాణంలోకి వస్తాను, గేటు దగ్గర "మా అమ్మమ్మ" అని చెప్పి నా పరువు తీయకు. కాపు వచ్చాక మీ పలక మీద నా పేరు రాయొద్దు. మీ నేలలో పండింది మీదే.

మొదటి కాయకి దారం కట్టేదాకా ఉంటాను. తీగకి ఒక్కటే కడతాను. మాటిస్తున్నాను.

అమ్మమ్మ