చేయని పనికి పశ్చాత్తాపం

కారాగారాల ఉన్నతాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: యావజ్జీవ శిక్ష అనుభవించుచున్న మా అల్లుడిని, పశ్చాత్తాప పత్రముపై సంతకం కోరకుండానే సత్ప్రవర్తన కింద విడుదల చేయుట గురించి.

సిటీ బస్సు కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా అల్లుడు ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. అతడంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ఈ సంగతి ముందే మనవి చేయుటకు కారణం, ఇకపై వ్రాయబోవునది అల్లుడిపై మమకారంతో వ్రాసినదని తమరు భావించకుండుటకే. సాయంత్రం వస్తానంటే మర్నాడు వస్తాడు. వచ్చి నా కుర్చీలోనే కూర్చుంటాడు.

2. మందుల షాపు పైవాటాలో ఒంటరిగా ఉండే రిటైర్డు నర్సమ్మ గారిని ఒకనాటి సాయంత్రం ఎవడో మెట్ల మీంచి తోసి, మెడలో గొలుసు తెంపుకొని పారిపోయినాడు. పాపం, ఆవిడ మళ్ళీ కళ్ళు తెరవలేదు. కింద కౌంటరులో ఉన్న షాపు యజమాని, పరుగెత్తుతున్నవాడి మొహం రెప్పపాటు చూశారు. సరిగ్గా ఆ వేళకు మా అల్లుడు మా ఇంట్లో నాతో పోట్లాడుతున్నాడు. గొడవ మా ఫ్రిజ్ గురించే. ఊరందరి ఫ్రిజ్‌లూ బాగుచేసే మనిషి, అత్తవారింటిది నీళ్ళు కారి వంటిల్లు చెరువవుతున్నా పట్టించుకోడు. కోర్టులో నేనూ, మా అమ్మాయీ ఈ మాటే చెప్పాము.

"అంటే మీకు అల్లుడంటే ఇష్టం లేదన్నమాట" అన్నారు ప్రభుత్వ వకీలు.

"లేదండీ."

"మరి ఆయన తరఫున సాక్ష్యం చెబుతున్నారే?"

"ఇష్టం లేకపోతే మాత్రం, నా ఎదురుగా నిలబడి నన్ను తిడుతున్నవాణ్ణి లేడని ఎలా చెప్పనండీ?"

అందరూ నవ్వారు. జడ్జీగారు కూడా నవ్వారు. తీర్పులో మాత్రం, మామ మాటా పెళ్ళాం మాటా అయినవాళ్ళ మాటలు కనుక నమ్మదగినవి కావని వ్రాశారు.

3. షాపు యజమానిపై నాకు ఎట్టి ఆరోపణయు లేదు. అరువు పెట్టినవాణ్ణి కూడా 'మీరు' అని పిలిచే పెద్దమనిషి. పోలీసులు ఆ చుట్టుపక్కల తిరిగే మెకానిక్కుల, ప్లంబర్ల ఫోటోలు చూపినప్పుడు, మా అల్లుడి ఫోటో దగ్గర ఆగి "ఇలాగే ఉన్నాడు" అన్నారు. తరువాత పదిమందిని వరుసగా నిలబెట్టినప్పుడు "ఇతనే అనుకుంటాను" అన్నారు. కోర్టుకు వచ్చేసరికి "ముమ్మాటికీ ఇతనే" అన్నారు. ఆయన ఎక్కడా అబద్ధమాడలేదు. చూపించిన కొద్దీ ఆయనకు నమ్మకం ముదిరింది, అంతే. నేనూ టికెట్ తీసుకున్నవాణ్ణే మళ్ళీ టికెట్ అడిగి, "నా మొహం అప్పుడే మర్చిపోయావా?" అని ఎన్ని తిట్లు తిన్నానో తమకు ఏమని చెప్పను.

4. శిక్ష పడిన మూడో ఏట, ఆ యజమానే మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు. ఇంజెక్షన్లు దాచే ఫ్రిజ్ ఆగిపోయిందట. చూడవచ్చిన మెకానిక్ "దీన్ని ఇంతకుముందు బాగుచేసింది ఎవరండీ, పని భేషుగ్గా ఉంది" అన్నాడట. అప్పుడు గుర్తొచ్చిందట. నర్సమ్మ గారు పోవడానికి కొద్దిరోజుల ముందు, పళ్ళ మధ్య టార్చి పట్టుకుని, ఫ్రిజ్ వెనక మోకాళ్ళ మీద కూర్చుని తలెత్తి చూసిన మనిషి మా అల్లుడేనని.

"ఆ మొహం నాకు ఫ్రిజ్ దగ్గర తెలుసండీ, మెట్ల దగ్గర కాదు" అని ఆయన ఏడ్చేశారు. "తెలిసిన మొహమని మనసు చెప్పింది. ఎక్కడ తెలుసో చెప్పలేదు."

మా అల్లుడికి ఈ సంగతి అరెస్టయిన రోజే గుర్తుంది. తన వకీలుకు చెప్పాడు కూడా. "ఆ షాపులోకి, ఆ మెట్ల పక్కకి వచ్చానని నీ నోటితో నువ్వే ఒప్పుకుంటావా? నోరు మూసుకో" అన్నారట వకీలు. మూసుకున్నాడు. నా దగ్గర తప్ప ఎక్కడా నోరు లేని మనిషి.

5. యజమాని వెళ్ళి ఉన్న మాట వ్రాసి ఇచ్చారు. ఇన్నేళ్ళకు మాట మార్చుట అనుమానాస్పదమనియు, మొదటి సాక్ష్యమే తాజాదనియు పై కోర్టు వారు కొట్టివేశారు. అబద్ధపు సాక్ష్యం కింద తన మీదే కేసు పెడతామని కూడా ఎవరో ఆయనతో అన్నారు. అప్పటినుంచి ఆయన కొడుకులు ఆయన్ని మాతో మాట్లాడనివ్వడం లేదు. ఆయన తప్పు చెప్పినప్పుడు అందరూ నమ్మారు. ఒప్పు చెప్పినప్పుడు ఒక్కరూ నమ్మలేదు. మేము ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తమరే సెలవివ్వాలి.

6. జైల్లో అతడి నడవడికపై ఒక్క మచ్చ లేదు. అక్కడి వంటశాల ఫ్రిజ్‌లన్నీ అతడి చేతి మీదే నడుస్తున్నవి. అయినను విడుదల జాబితాలో పేరు చేరుటకు, నేరం ఎలా చేసినదీ స్వహస్తాలతో వ్రాసి, పశ్చాత్తాపపడుచున్నట్లు సంతకం చేయవలెనట. రెండుసార్లు నిరాకరించాడు. మొన్న ములాఖత్‌లో నేనే బతిమాలాను.

"ఒక్క సంతకమయ్యా. పెట్టేసి ఇంటికి రా. కావాలంటే నా కుర్చీ నువ్వే తీసుకో."

ఇనుప జాలీ వెనక నుంచి నవ్వాడు. "నేనే చేశానని రాసిస్తే, అసలువాణ్ణి ఇక ఎవరు వెతుకుతారు మామయ్యా?"

ఇప్పుడు మాత్రం ఎవరు వెతుకుతున్నారని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

7. కావున, చేయని పనికి పశ్చాత్తాపం తెచ్చుకొనుట ఎవరి తరమూ కాదని గ్రహించి, ఆ సంతకం నుండి అతడిని మినహాయించవలెనని ప్రార్థన.

ఈ ముసలివాడి గోడు చిత్తమునకు తెచ్చుకొని, న్యాయమని తోచిన ఉత్తర్వు దయచేయగలరు.

తమ విధేయుడు,
ఒక ఖైదీకి పిల్లనిచ్చిన మామ

తా.క.: అయ్యా, పై అర్జీ నిన్న తమ ఆఫీసులో ఇచ్చాను. ఈరోజు వెనక్కి ఇమ్మంటే, లోపలికి పోయిన కాగితం బయటికి రాదు, కావాలంటే అడుగున రాసుకో అన్నారు గుమాస్తాగారు. నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే క్షమించండి.

మా అమ్మాయికి కడుపులో గడ్డ ఉందట. పెద్ద ఆపరేషన్ అట. నాకు చెప్పలేదు, నిన్న ములాఖత్‌లో మొగుడికి చెప్పింది. అతను అక్కడికక్కడే ఆ పశ్చాత్తాప పత్రం తెప్పించుకున్నాడు. ఈ పొద్దున నేను వెళ్తే, రాసింది నాకు చదివి వినిపించాడు.

"ఎడమ చేత్తో తోశానని రాశాను మామయ్యా. కోర్టులో అలాగేగా అన్నారు? ఎక్కడైనా తప్పు పోయిందేమో చూడండి."

ఎక్కడా తప్పు లేదండీ. అన్నీ కోర్టులో చెప్పినట్టే ఉన్నాయి.

కాబట్టి పైన నేను రాసిందంతా అబద్ధమని కొట్టెయ్యండి. ఆ అర్జీ చదివి అతని సంతకాన్ని అనుమానించకండి. ముసలితనం, ఏదో రాశాను. మా అల్లుడు నేరస్థుడేనండి. త్వరగా ఇంటికి పంపించండి.